ఎడారవోన్ ఎక్కించుకునే ఏఎల్‌ఎస్ రోగుల్లో బరువు మార్పు: పాత రికార్డులతో అధ్యయనం నిలబడుతుందా?

ఫార్మ్‌డి_వరంగల్:

అందరికీ నమస్కారం. ఫార్మ్‌డి ప్రాజెక్టు కోసం ఎడారవోన్ తీసుకున్నాం. ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నరకణాలు క్షీణించే జబ్బు) రోగులు బరువు తగ్గిపోవడాన్ని ఈ ఫ్రీ రాడికల్ స్కావెంజర్ (కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని అణిచేసే) మందు ఏమైనా నెమ్మదింపజేస్తుందా అన్నది ప్రశ్న. న్యూరాలజీ రికార్డుల్లో రెండు రకాల రోగులున్నారు. రిలుజోల్ (ఏఎల్‌ఎస్‌కి వాడే మరో మందు) ఒక్కటే వాడినవాళ్లు, రిలుజోల్‌తో పాటు ఎడారవోన్ కూడా ఎక్కించుకున్నవాళ్లు. ప్లాన్ ఇదీ: ఎడారవోన్ ఆరు సైకిళ్లు పూర్తయినవాళ్లను తీసుకుని మొదటి బరువు, ఆఖరి బరువు రాసుకోవాలి. రిలుజోల్ గుంపులో కూడా ఆర్నెల్ల తేడాతో అలాగే రాసుకుని, టి-టెస్ట్ చేయాలి.

ఇబ్బందేమిటంటే అన్ని విజిట్లకీ బరువు రాసిలేదు. రాసినచోట కూడా ఎలా తూచారో తెలియదు. కిలోల్లో చూడాలా, బీఎంఐ చూడాలా? ఇంకొకటి, మా గైడ్ గారు ఎలుకల పేపర్లు కూడా చదవమన్నారు. అక్కడ బరువు తప్పకుండా ఇస్తారు కదా, దాన్ని మనుషుల ప్రశ్నకి ఎంతవరకు తెచ్చుకోవచ్చు? తెలిసినవాళ్లు చెప్పగలరు.

---

న్యూరోఫార్మా:

ప్రశ్న మంచిదే, ప్లాన్‌లోనే చిక్కుంది. ముందు మందు సంగతి చూద్దాం, ఎందుకంటే బరువు మీద ప్రభావం ఏ దారిన రావాలో తెలిస్తేనే ఏం కొలవాలో తెలుస్తుంది.

ఎడారవోన్ జపాన్ మందు. 2001లో అక్కడ ఇస్కీమిక్ స్ట్రోక్‌కి అనుమతి వచ్చింది, 2015లో ఏఎల్‌ఎస్‌కి, 2017లో అమెరికాలో ఏఎల్‌ఎస్‌కి. అణువు చాలా చిన్నది, అణుభారం 174. పీకేఏ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత) 7 దగ్గర ఉండటంతో రక్తం పీహెచ్‌లో సగానికి పైగా అయాన్ రూపంలో ఉంటుంది, ఆ రూపమే రాడికల్స్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. ఇందులో ఆకలిని పెంచే పని ఎక్కడా లేదు. అంచేత బరువు నిలిచిందంటే దారులు రెండే: మోటార్ న్యూరాన్లు కొంత మిగిలి కండ, మింగే శక్తి నిలవడం, లేదా ఏఎల్‌ఎస్‌లో సుమారు సగం మందిలో కనిపించే హైపర్‌మెటబాలిజం (విశ్రాంతిలోనూ ఒళ్లు ఎక్కువ శక్తి ఖర్చు చేయడం) తగ్గడం. రెండోదానికి మనిషిలో ఆధారం చూపాలంటే ఇండైరెక్ట్ కెలోరిమెట్రీ (ఊపిరిలోని వాయువులను బట్టి శక్తి ఖర్చు కొలవడం) కావాలి, కేస్ షీట్లతో అయ్యే పని కాదు. మొదటిదాన్ని మాత్రం మీరు పట్టుకోవచ్చు. రోగి రోజువారీ పనులు ఎంత చేసుకోగలడో కొలిచే ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-ఆర్ స్కేలులో మాట, లాలాజలం, మింగడం అనే మూడు బల్బార్ (నోరు, గొంతు కండరాల) అంశాల మొత్తం 12కి వస్తుంది. బరువు నిలిచి, ఈ మూడింటి స్కోరు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా పడిపోతుంటే, నేనైతే మందుకి కాదు, తిండికో పెగ్ ట్యూబుకో (పొట్టలోకి నేరుగా ఆహారం పంపే గొట్టం) మార్కులు వేస్తాను.

ఇక ఆరు సైకిళ్లు పూర్తయినవాళ్లే అన్న షరతు. మొదటి సైకిల్ 14 రోజులు వరసగా రోజుకి 60 మి.గ్రా., తర్వాత 14 రోజులు విరామం. ఆ తర్వాతి సైకిళ్లలో 14 రోజుల్లో 10 రోజులు మందు, మళ్లీ 14 రోజులు విరామం. ఆరు సైకిళ్లంటే 24 వారాలు. ఆ 24 వారాలూ బతికి, ఆస్పత్రికి రాగలిగి, ఖర్చు భరించగలిగినవాళ్లే మీ ఎడారవోన్ గుంపు. జబ్బు వేగంగా ముదిరినవాళ్లు మూడో సైకిల్‌లోనే మానేస్తారు, బాగా బరువు తగ్గేదీ వాళ్లే. వాళ్లను తీసేశాక మిగిలిన సగటు ఎలాగూ అందంగానే కనిపిస్తుంది. మందు బదులు ఉప్పునీళ్లు ఎక్కించినా ఈ ప్లాన్‌లో మంచి ఫలితమే వస్తుంది.

అసలు ట్రయల్ ఎలా చేశారో చూడండి. అనుమతికి ఆధారమైన పరీక్షలో 137 మంది. ముందు 12 వారాలు మందివ్వకుండా గమనించి, ఆ కాలంలో స్కోరు 1 నుంచి 4 పాయింట్లు తగ్గినవాళ్లనే తీసుకున్నారు. జబ్బు మొదలై రెండేళ్లు దాటకూడదు, ఫోర్స్‌డ్ వైటల్ కెపాసిటీ (నిండా పీల్చి గట్టిగా ఊదగలిగే గాలి) 80 శాతమైనా ఉండాలి, స్కేలులోని ప్రతి అంశంలోనూ కనీసం 2 ఉండాలి. అలా ఏరిన గుంపులో 24 వారాలకి తేడా 2.49 పాయింట్లు. ఇంత గట్టిగా ఏరకుండా అంతకు ముందు చేసిన 206 మంది పరీక్షలో తేడా తేలలేదు. వీటిలో ప్రధాన కొలత బరువు కాదు, స్కోరు. మీ రికార్డుల్లోని రోగుల్లో ఈ షరతులకి సరిపడేవాళ్లెందరో ముందు లెక్కపెట్టండి, ఆ పట్టిక ఒక్కటే ప్రాజెక్టులో సగం విలువ.

---

పథ్యం_విశాఖ:

తూకం గురించి నేను చెబుతాను, అసలు గొడవంతా అక్కడే.

నడవలేని రోగిని తూచే పద్ధతులు మన వార్డుల్లో మూడు. వీల్‌చెయిర్ ప్లాట్‌ఫామ్ మీద కుర్చీతో సహా తూచి కుర్చీ బరువు తీసేయడం సరైనది. కుర్చీలో బిగించి తూచే పాత చెయిర్ స్కేలు పర్వాలేదు. కొడుకో అల్లుడో ఎత్తుకుని బాత్‌రూమ్ స్కేలు మీద నిలబడితే, తర్వాత ఆయన బరువు తీసేయడం మూడోది, దీనికి కిలో, రెండు కిలోలు ఇటూ అటూ అవుతుంది. అదే మనిషిని ఒక విజిట్‌లో ఒక పద్ధతిలో, ఇంకో విజిట్‌లో మరో పద్ధతిలో తూస్తే, మీరు వెతికే తేడా అంతా ఆ లోపంలోనే మునిగిపోతుంది. కాలి స్ప్లింట్లు, మెడ కాలర్, కుర్చీకి వేలాడే బైపాప్ (ఊపిరికి తోడ్పడే యంత్రం) బ్యాటరీ, ఒళ్లో పెట్టుకున్న సక్షన్ మెషిన్ తీయకుండా తూచినవి రికార్డుల్లో చాలా ఉంటాయి. ఒక్కసారిగా మూడు కిలోలు పెరిగి వచ్చేసారికి మళ్లీ పడిపోయిన బరువు కనబడితే తిండి గురించి ఆలోచించకండి, బ్యాటరీ గురించి ఆలోచించండి.

ఎడారవోన్ రోజున ఎప్పుడు తూచారన్నది కూడా లెక్కే. మన దగ్గర దొరికే ఆంప్యూల్ 20 మి.లీ.లో 30 మి.గ్రా. రెండు ఆంప్యూళ్లు 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపితే 140 మి.లీ., గంటసేపు ఎక్కిస్తారు. అమెరికాలో సిద్ధంగా వచ్చే బ్యాగులు రెండు కలిపి 200 మి.లీ. ఎక్కించాక తూస్తే ఆ నీళ్లు బరువులో చేరతాయి. చిన్నదే గాని ఒకే వైపు లాగే లోపం, అదీ మందు గుంపులో మాత్రమే. కాబట్టి ఎక్కించే ముందు, మూత్రం పోసాక, సన్నటి బట్టలతో తూచాలి. కాళ్లు కదలక వేలాడేవాళ్లకి పాదాల్లో నీరు దిగుతుంది, అది కండ కరిగిన బరువుని కప్పేస్తుంది. చీలమండ దగ్గర నొక్కితే గుంట పడుతుందా అన్నది కేస్ షీట్‌లో ఉంటే తప్పక తీసుకోండి.

కిలోలా బీఎంఐయా అన్నారు. ఎత్తు మొదటి విజిట్‌దే వాడాలి, వెన్ను వంగాక కొలిచిన ఎత్తుతో బీఎంఐ తప్పుగా పెరుగుతుంది. నా ఓటు మాత్రం శాతం మార్పుకి. ఏఎల్‌ఎస్ రోగుల్లో బీఎంఐ 30–35 ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారన్న ఫలితం అమెరికా రోగులది, మన దగ్గర చాలామంది మొదటి విజిట్‌కే 20–22 దగ్గర ఉంటారు. ఎక్కడ మొదలయ్యాడన్న దానికంటే తన మామూలు బరువులో ఎంత శాతం పోగొట్టుకున్నాడన్నది మనకి పనికొస్తుంది. జబ్బుకి ముందు ఎంత ఉండేవారని ఇంట్లోవాళ్లని అడిగి రాసినది ఉంటే అది బంగారం. డయాగ్నోసిస్ నాటికే 5 శాతం తగ్గితే మరణ ప్రమాదం సుమారు 30 శాతం ఎక్కువని ఫ్రాన్స్ సమాచారంలో తేలింది.

ఇప్పుడు ఎవరూ రాయని సంగతి ఒకటి. ఈ మందు తీసుకునే పద్ధతే తిండిని తింటుంది. పది రోజులు పొద్దున్నే ఆస్పత్రికి ప్రయాణం, క్యాన్యులా, గంట ఇన్ఫ్యూషన్, తిరుగు ప్రయాణం. మింగడం నెమ్మదైన మనిషికి ఇడ్లీ తినడానికే ముప్పావుగంట పడుతుంది, ఆ టిఫిన్ కాస్తా ఎగిరిపోతుంది. 2022లో అమెరికాలో వచ్చిన నోటి సస్పెన్షన్‌కి వేరే లెక్క: 105 మి.గ్రా., 5 మి.లీ., ఖాళీ కడుపున. కొవ్వు ఎక్కువున్న భోజనమైతే దానికి 8 గంటల తర్వాత, కొవ్వు తక్కువుంటే 4 గంటల తర్వాత, 250 కేలరీల పోషక పానీయమైతే 2 గంటల తర్వాత మందు. మందు వేసుకున్నాక గంటపాటు ఏమీ తినకూడదు. రాత్రి పదిన్నరకి పెగ్‌లో కొవ్వున్న ఫీడ్ వేసే అలవాటున్న ఇంట్లో పొద్దున ఆరింటికి మందు వేస్తే షరతు తప్పినట్టే, షరతు పాటిస్తే ఒక ఫీడ్ పోయినట్టే. పైగా రిలుజోల్ కూడా తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి, వాంతి వచ్చినట్టుండటం దాని మామూలు లక్షణం. బరువు తగ్గితే జబ్బు, పెరిగితే మందు అనేముందు ఈ గడియారాన్ని చూడాలి.

కేలరీల అవసరానికి ఏఎల్‌ఎస్ రోగుల మీదే తయారైన సూత్రం ఉంది. హారిస్-బెనెడిక్ట్ సూత్రంతో విశ్రాంతి ఖర్చు లెక్కేసి, దానికి 55.96తో ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-6 స్కోరుని గుణించి కలిపి, 168 తీసేయాలి. ఆ ఆరు అంశాలు మాట, చేతిరాత, బట్టలు-శుభ్రత, మంచం మీద తిరగడం, నడక, ఆయాసం. 55 ఏళ్లు, 60 కిలోలు, 165 సెం.మీ. మగమనిషికి విశ్రాంతి ఖర్చు 1346 వస్తుంది. ఆరింటి స్కోరు 15 అయితే 671 కలుస్తుంది, మొత్తం రోజుకి 2017 కేలరీలు. డైట్ షీట్లో 1400 రాసి ఉంటే ఆ రోగి ఏ మందు వాడినా తగ్గుతాడు. డైటీషియన్ నోట్స్ తవ్వితీయండి, న్యూరాలజీ ఫైల్‌లో ఉండవు.

---

ఫార్మ్‌డి_వరంగల్:

సార్, మేడమ్, ఇద్దరికీ ధన్యవాదాలు. ఆరు సైకిళ్ల షరతు తీసేస్తాం. మరి మధ్యలో మానేసినవాళ్లను, చనిపోయినవాళ్లను ఎలా లెక్కలోకి తీసుకోవాలి? వాళ్ల ఆఖరి బరువునే ఆరో నెల బరువుగా పెట్టేస్తే సరిపోతుందా? శాంపిల్ ఎంత ఉండాలి?

---

సగటుకి_దూరం:

ఆఖరి బరువుని ముందుకి లాగడం వద్దు. మూడో నెలలో 52 కిలోలుండి నాలుగో నెలలో చనిపోయిన మనిషిని ఆరో నెలలో కూడా 52 దగ్గర నిలబెట్టినట్టవుతుంది. వేగంగా తగ్గేవాళ్ల తగ్గుదలని మీ చేత్తో మీరే ఆపేస్తున్నారు.

ప్రతి రోగికీ ఉన్న బరువులన్నీ తేదీలతో పెట్టుకోండి, విజిట్లు సమానంగా లేకపోయినా ఫర్వాలేదు. లీనియర్ మిక్స్‌డ్ మోడల్‌లో రోగికో ఇంటర్‌సెప్ట్ (మొదలైన బరువు), రోగికో స్లోప్ (మారే వేగం) ఇవ్వండి, మీకు కావాల్సింది కాలంతో గుంపు ఇంటరాక్షన్, అంటే నెలకి ఎంత శాతం తేడా. బరువుని లాగ్‌లో పెడితే శాతంగా చదువుకోవచ్చు. చావు, డ్రాపౌట్ బరువుతో ముడిపడి ఉన్నాయి కాబట్టి మిక్స్‌డ్ మోడల్ ఒక్కటీ చాలదు. బరువు స్లోప్‌నీ సర్వైవల్‌నీ కలిపి చూసే జాయింట్ మోడల్ కూడా చేయండి. ఆర్‌లో దానికి ప్యాకేజీలున్నాయి. రెండు మోడళ్లలో ఫలితం దిశ మారిపోతే, అదే రాయండి.

సున్నా తేదీ ఎక్కడ అన్నది అంతకంటే పెద్ద విషయం. ఎడారవోన్ గుంపుకి మొదటి డోసు రోజు సున్నా. రిలుజోల్ గుంపుకి? రెండు గుంపులకీ డయాగ్నోసిస్ రోజే సున్నాగా పెడితే ఎడారవోన్ వాళ్లకి డయాగ్నోసిస్ నుంచి డోసు దాకా చావు లేని కాలం ఉచితంగా దొరుకుతుంది. ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటే ఇదే. లక్షణాలు మొదలై అన్నే నెలలైన, అప్పటి స్కోరు అటూఇటూగా అంతే ఉన్న రిలుజోల్ రోగిని జత కలిపి, అతనికి ఆ విజిట్‌నే సున్నా చేయాలి. ఒకే మందు మీద 2022లో వచ్చిన రెండు పెద్ద పనులు చూడండి. జర్మనీ కేంద్రాల్లో జతకలిపి చూసినప్పుడు లాభం కనబడలేదు, అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిముల్లో చూసినప్పుడు బతికిన కాలం మధ్యస్థం 29.5 నెలలకి 23.5 అని తేడా వచ్చింది. రోగుల ఎంపిక, జత కలిపిన తీరు రెండింటిలోనూ వేరు. క్లెయిముల్లో బరువూ ఉండదు, స్కోరూ ఉండదు, కాబట్టి జతల్లో జబ్బు తీవ్రత ఎంత కలిసిందో నేరుగా చూడలేం.

మందుకి ముందరి స్లోప్ కూడా కావాలి. ముందు మూడు నెలల్లో రెండు మూడు బరువులున్న రోగులను విడిగా చూడండి. బాగా తగ్గుతున్నప్పుడే డాక్టర్లు ఖరీదైన మందు మొదలుపెడతారు, ఆ తర్వాత తగ్గుదల కాస్త నెమ్మదించడం చాలాసార్లు రిగ్రెషన్ టు ది మీన్ (మరీ ఎక్కువైనది దానంతటదే సగటు వైపు రావడం). పెగ్ వేసిన తేదీని కాలంతో మారే వేరియబుల్‌గా పెట్టాలి, పెగ్ తర్వాతి బరువుని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కించాలి.

శాంపిల్‌కి చేతిలెక్క: ఎస్‌డీని (స్టాండర్డ్ డీవియేషన్) తేడాతో భాగించి, స్క్వేర్ చేసి, 16తో గుణిస్తే గుంపుకి ఎంతమందో వస్తుంది. ఆర్నెల్లలో బరువు మార్పుకి ఎస్‌డీ 4 కిలోలు, మీరు పట్టాలనుకునే తేడా 2 కిలోలు అనుకుందాం, గుంపుకి 64 వస్తుంది. ఐదోవంతు పోతారనుకుంటే 80. ఒక్క ఆస్పత్రి ఏఎల్‌ఎస్ రికార్డుల్లో అంతమంది దొరకడం కష్టం. దొరక్కపోతే పి-వాల్యూ కోసం వెంపర్లాడకుండా స్లోపుకి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇచ్చి డిస్క్రిప్టివ్ స్టడీ అని పేరు పెట్టండి, ఎథిక్స్ కమిటీకి కూడా ముందే అలా చెప్పండి.

---

జంతుశాల:

ఎలుకల సంగతి మిగిలింది. ఏఎల్‌ఎస్‌కి ఎక్కువగా వాడేది మనిషి ఎస్‌ఓడీ1 జీన్‌లో జీ93ఏ మ్యుటేషన్ ఉన్న మైస్. జపాన్‌లో 2008లో వచ్చిన పనిలో లక్షణాలు మొదలయ్యాక ఎడారవోన్ ఇస్తే కదలిక క్షీణత నెమ్మదించింది, వెన్నుపాములో ఎస్‌ఓడీ1 పేరుకోవడం తగ్గింది. ఆ పేపర్ చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఈ రంగంలో బరువు చాలాచోట్ల ఫలితం కాదు, గడియారం. ఎలుక అత్యధిక బరువుకి చేరిన రోజుని జబ్బు మొదలుగా, అందులో 10 శాతం తగ్గిన రోజుని తొలిదశ ముగింపుగా తీసుకునే పద్ధతి 2006 నుంచి బాగా వాడుకలో ఉంది. పక్కకి పడుకోబెడితే 20 సెకన్లలో లేవలేకపోవడం ఆఖరి దశ. అంటే మందు బరువుని వేరే కారణంతో తాకితే, జబ్బు మొదలైన తేదీ దానంతటదే జరిగిపోతుంది.

వేరే కారణాలు బోలెడు. ఎడారవోన్ తటస్థ పీహెచ్ నీటిలో సరిగా కరగదు. 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కచుక్కగా వేస్తూ 7.4కి తేవాలి. ఆసిడ్ గబగబా పోస్తే మందు తెల్లగా విడిపోతుంది, కలిపేవాళ్లు దాన్నలాగే సిరంజిలోకి లాగుతారు. పీహెచ్ 9 దగ్గరే ఆపేస్తే కడుపులోకి పొడిచిన ప్రతిసారీ పెరిటోనియం మండి, ఎలుక తిండి మానేస్తుంది, బరువు పడుతుంది. ద్రావణం గాలికి ఆక్సిడైజ్ అయి పచ్చబడుతుంది. పచ్చబడినది పారబోయాలి, వెలుతురు తగలకుండా ఏరోజుకారోజు కలుపుకోవాలి. కంట్రోల్ గుంపుకి ఉత్త సెలైన్ ఇవ్వడం తప్పు, అంతే క్షారం, అంతే ఆసిడ్ వేసి అదే పీహెచ్‌కి తెచ్చిన వెహికల్ (మందు లేని ద్రావణం) ఇవ్వాలి. 25 గ్రాముల ఎలుకకి కిలోకి 10 మి.లీ. చొప్పున 0.25 మి.లీ. మించకూడదు.

వెనక్కాళ్లు చచ్చుబడ్డాక ఎలుక పైనున్న హాపర్ (తిండి పెట్టే బుట్ట) దాకా లేవలేదు. అప్పుడు తగ్గే బరువు ఆకలి వల్ల. బోనులో నేలమీద జెల్ ఫీడ్ పెట్టాలి, ఎవరికి నీరసంగా ఉందనిపిస్తే వాళ్లకి కాదు, ఫలానా వయసు రాగానే రెండు గుంపులకీ ఒకే రోజున. తూకం 0.1 గ్రా. స్కేలు మీద, లైట్లు వెలిగిన గంటలోపు, తూచే మనిషికి ఏ గుంపో తెలియకుండా. మగ ఎలుకలు బరువెక్కువ, జబ్బు కూడా ముందే వస్తుంది, కాబట్టి ఆడామగా వేరువేరుగా విశ్లేషించాలి. ఒకే ఈతలో పుట్టినవాటిని రెండు గుంపుల్లోకీ పంచాలి, జీన్ కాపీ సంఖ్య తగ్గిపోయిన ఎలుకలను తీసేయాలి. గుంపుకి 24 ఉండాలని 2008లో వచ్చిన సలహా అందరూ ఉదహరిస్తారు, పాటించేవాళ్లు తక్కువ. ఇవన్నీ మెథడ్స్‌లో రాసిలేని పేపర్‌లో బరువు గ్రాఫ్ ఎంత చక్కగా ఉన్నా మీ థీసిస్ ఇంట్రడక్షన్‌లో ఒక వాక్యం చాలు, డిస్కషన్‌లోకి తేవద్దు.

---

ఫార్మ్‌డి_వరంగల్:

చివరిగా ఒక్కటి. కొందరు రోగులకి ఇన్ఫ్యూషన్ రోజుల్లోనే అమైనో ఆసిడ్ బాటిల్ కూడా పెట్టినట్టుంది. వాళ్లను ఉంచాలా తీసేయాలా?

---

న్యూరోఫార్మా:

చార్ట్‌లో ఒకే లైన్‌లోంచి పెట్టారా, వేరే లైన్ లేదా వేరే సమయంలోనా చూడండి. ఎడారవోన్‌ని హై-కేలరీ ఇన్ఫ్యూషన్లతో, అమైనో ఆసిడ్లతో కలపకూడదని, అదే దారిలో ఎక్కించకూడదని జపాన్ లేబుల్‌లోనే ఉంది, కలిపితే మందు గాఢత పడిపోతుంది. డెక్స్‌ట్రోజ్ కలిసిన ద్రావణాల్లోనూ ఇదే గొడవ, అందుకే సెలైన్‌లోనే కలపాలి. డయాజెపామ్, ఫెనిటాయిన్ ఇంజెక్షన్లతో కలిపితే మడ్డి తేలుతుంది. ఒకే లైన్ అని తేలితే ఆ రోగికి అందిన డోసు ఎంతో చెప్పలేం. మెయిన్ ఎనాలిసిస్‌లో ఉంచండి, సెన్సిటివిటీ ఎనాలిసిస్‌లో తీసేసి చూడండి. వేరే లైన్ అయితే మందుకి ఢోకా లేదు, కానీ ఆ బాటిల్ ఇచ్చిన కేలరీలు, ద్రవం రెండూ బరువులోకి వస్తాయి, ఆ రోజుల తూకాలు వాడకండి. ఎలాగూ చార్ట్ తీస్తారు కాబట్టి సీరమ్ క్రియాటినిన్ కూడా రాసుకోండి. స్ట్రోక్‌లో వాడినప్పుడు కిడ్నీ దెబ్బతిన్న కేసులు రావడంతో జపాన్‌లో 2002లోనే హెచ్చరిక వచ్చింది. కాకపోతే ఏఎల్‌ఎస్‌లో కండ కరిగేకొద్దీ క్రియాటినిన్ దానంతటదే తగ్గుతుంది, 0.9 కూడా ఆ రోగికి ఎక్కువే కావచ్చు. సిస్టాటిన్-సీ (కండ మీద పెద్దగా ఆధారపడని కిడ్నీ పరీక్ష) చేయించి ఉంటే అది చూడండి.